ఎవరి చెయ్యి పడింది?

వాళ్ళ వారంటీ తగలెయ్య! రెండేళ్ళట, రెండేళ్ళు! పద్నాలుగో నెలకే తెర నిండా గీతలు పడితే, "బయటి చెయ్యి పడిందమ్మా, ఇక మాకు సంబంధం లేదు" అంటారా? బయటి చెయ్యేమిటి, బయటి చెయ్యి! కంప్యూటరేమన్నా కొత్త పెళ్ళికూతురా, పరాయివాళ్ళు ముట్టుకోకూడదనడానికి?

ఆ సోల్డరింగు కాస్త పక్కన పెట్టి నా వంక చూడు, స్తామెంకో కూమా. మా పెళ్ళిసాక్షివి, కూమ్‌వి అయ్యుండి మూడు వారాలైంది నువ్వు నాతో మాట్లాడి. తలుపు తీసి లోపలికి రాగానే కాఫీ మాత్రం పెట్టావు. కోపమొచ్చినా కాఫీ మానం మనం. మాటే మానేస్తాం.

తాగుతాలే. కాలుతోంది.

ఈ కచ్కవాల్ జున్ను మీ ఆవిడ యాగోదాకి. మా ఆడపడుచు కొండ మీదనుంచి పంపింది. అలా చూడకు, లంచం కాదు. సరే, కొంచెం లంచమే అనుకో.

ఒంటిగంటకి బడిలో మీటింగు కదా. నాకు తెలీదనుకున్నావా? మన పిరోత్ ఊళ్ళో ఎవరింట్లో ఏ పప్పు ఉడుకుతోందో వీధి చివరిదాకా తెలుస్తుంది. బడిలో ఆ ముప్ఫై కంప్యూటర్లకీ కొత్త ర్యామ్‌లూ డిస్కులూ వేసే పని నీకివ్వాలా వద్దా అని ఇవ్వాళ తేలుస్తారు. పోయిన నెలదాకా అది నీ పనే. రాత్కా హెడ్‌మిస్ట్రెస్ తన నోటితోనే చెప్పింది నాకు, "కొత్తవి కొనే బదులు మన స్తామెంకో చేత బాగుచేయిస్తున్నాం, వారంటీ కూడా పోదట" అని. ఇప్పుడేమో అదే రాత్కా రొట్టెల కొట్లో పదిమందిలో ఏమందో తెలుసా?

తల ఊపుతున్నావే, తెలుసా? ఎవరు మోశారు నీకు?

సరే. తెలిస్తే తెలిసింది. "స్తామెంకో చెయ్యి పడితే వారంటీ పోతుందట కదా" అంది. నేను అక్కడే ఉన్నాను, చేతిలో రొట్టె పట్టుకుని. ఇరవై రెండేళ్ళుగా ఈ చెప్పులకొట్టంత గదిలో కూర్చుని సంపాదించుకున్న పేరు నీది. ఊళ్ళో సగం రేడియోలూ, టీవీలూ, ఆఖరికి చర్చి ఫాదర్ గారి మైకు కూడా నీ చేతిలోంచే బతికి బయటపడ్డాయి. ఒక్క కాగితంతో పోయింది ఆ పేరు. కంపెనీవాడి కాగితం!

నిష్ పట్నంలో వాళ్ళ సర్వీస్ సెంటర్ చూశావా ఎప్పుడైనా? అద్దాలూ, తెల్ల గోడలూ. ఆస్పత్రికి పోయినట్టే ఉంటుంది. కౌంటరు దగ్గర కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ. నా కంప్యూటర్ని రెండు వేళ్ళతో పట్టుకుంది, చచ్చిన ఎలుకని తోక పట్టుకుని ఎత్తినట్టు. "పిరోత్ నుంచా? ఓహో" అంది. ఆ ఓహో ఏమిటో నాకు తెలీదా! పిరోత్ వాళ్ళు నీళ్ళు కూడా కొలుచుకుని తాగుతారని, కొత్త వస్తువు కొనకుండా పాతదానికే అతుకులు వేస్తారని వాళ్ళ వెటకారం.

అతుకు వేయించానులే, నిజమే. ఎందుకు వేయించుకోకూడదంట?

పోయిన ఏడు ఎలా ఉండేదో నువ్వే చూశావుగా. మా నేతగత్తెల సంఘంలో పాత తివాచీలన్నిటికీ ఫోటోలు తీసి, ఒక్కొక్క పోగూ లెక్కపెట్టి, నమూనా గీసి పెట్టే పని నాది. తాబేలు నమూనా తెరిస్తే చాలు, కంప్యూటరూ తాబేలే అయ్యేది. నేను కాఫీ పెట్టుకుని, తాగి, గిన్నె కడిగి వచ్చినా సగం బొమ్మే కనిపించేది. నువ్వు చూసి నవ్వావు. "కొత్తది అక్కర్లేదు పెర్సిదా, ర్యామ్ రెట్టింపు చేస్తే చాలు" అన్నావు. ఇక్కడే, ఈ బల్ల మీదే, కింద ఉన్న చిన్న మూత తీసి వేశావు. ఒక్క స్క్రూ. నేను కాఫీ సగం తాగేలోపల అయిపోయింది. ఆ తర్వాత గుర్రంలా పరిగెత్తింది కదా! ఎనిమిది నెలలు!

నేను భయపడితే ఏమన్నావు? గుర్తుందా? "వారంటీ పోదా?" అన్నాను. నువ్వు ఆ వారంటీ పుస్తకం తెరిచి పదకొండో పేజీ చూపించావు. చిన్న మూత వాడుకునేవాళ్ళు తీసుకోవచ్చు, సరైన రకం ర్యామ్ వేసుకోవచ్చు, వేసినదానివల్ల ఏదైనా పాడైతే అది మాత్రం మేం చెయ్యం, మిగతా అంతటికీ వారంటీ ఉంటుంది అని రాసి ఉంది. ఉందా లేదా? నువ్వు చదివి వినిపించావు, నేను ఆవులించాను. అంత చిన్న అక్షరాలు ఎవరు చదువుతారు కూమా, నీలాంటి పిచ్చివాళ్ళు తప్ప?

అవును. అదీ గుర్తుంది. నువ్వు చెప్పకపోయినా గుర్తుంది.

కాగితం రాసిస్తానన్నావు. ఏ రకం ర్యామ్, ఏ తేదీన వేశాం, నీ సంతకం, నీ ముద్ర. "ఎందుకైనా మంచిది, దాచుకో" అన్నావు. నేనే నీ చేతిలోంచి పెన్ను లాగేశాను. కూమ్ దగ్గర రసీదా? మా పెళ్ళిలో మీలున్ పక్కన కొవ్వొత్తి పట్టుకుని నిలబడ్డవాడివి. మా అమ్మాయి దూన్యాని జ్ఞానస్నానం రోజున ఎత్తుకుని పేరు పెట్టినవాడివి. ఆకాశంలో దేవుడు, భూమ్మీద కూమ్ అంటారు. దేవుణ్ణి రసీదు అడుగుతామా? మా అమ్మ బతికుంటే చెప్పు తీసుకుని కొట్టేది నన్ను.

నువ్వే చెప్పు, ఈ ఊళ్ళో ఎవరైనా అడుగుతారా? కూమ్ చేత కాగితం రాయించుకుంది అని తెలిస్తే నలుగురూ నవ్వరూ?

ఆ పరువే కొంప ముంచింది. కాగితం ఉండుంటే ఆ కళ్ళజోడు ఆవిడ నోరు మూసుకుని తెర మార్చిచ్చేది.

పాత ర్యామ్ కూడా ఒక కవర్లో పెట్టి ఇచ్చావు, వారంటీ అయ్యేదాకా పారెయ్యకు అని. పారెయ్యలేదు. బొత్తాల డబ్బాలో పెట్టాను. అది పారేసి ఉంటే ఎంత బాగుండేదో!

అలా చూస్తావేం, ఎందుకనా? చెప్తా. ఒక్క గుక్క తాగనీ.

ఫిబ్రవరిలో తెర మీద గీతలొచ్చాయి. ముందు ఒకటి, తర్వాత ఆరు. మూత కదిపితే పోతాయి, మళ్ళీ వస్తాయి. నీ దగ్గరికి రావాలనుకున్నాను. మీలున్ ఒప్పుకోలేదు. "వారంటీ ఉండగా కూమ్‌ని ఎందుకు విసిగిస్తావు, కంపెనీవాడి చేత చేయించు, వాడి తెర, వాడి ఖర్మ" అన్నాడు. సరేనని కంపెనీవాళ్ళ బెల్‌గ్రేడ్ నంబరుకి ఫోన్ చేశాను. అరగంట పాటు పాట వినిపించారు. ఆ పాట ఇప్పటికీ కలలో వస్తోంది. తర్వాత ఒకమ్మాయి ఎత్తి గబగబా అడుగుతోంది, కింద పడేశారా, నీళ్ళు పోశారా, బయటివాళ్ళ చేత ఏదైనా భాగం వేయించారా?

లేదు అన్నాను.

నాకే తెలీదు ఎందుకన్నానో! గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు. ఆ అమ్మాయి గొంతు అలా ఉంది మరి, పోలీసు స్టేషన్లో అడిగినట్టు. లేదు లేదు, ఎవరూ ముట్టుకోలేదు, నేనే వాడతాను, తుడిచి వాడతాను అన్నాను. తుడుస్తారా అని ఆ అమ్మాయి అడగలేదు కూడా.

నిజం చెప్పి ఉంటే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు! ఇప్పుడు తెలిసింది. ర్యామ్‌కీ తెరకీ సంబంధమే లేదట. తెర వెనకాల తీగ నలిగిందంతే, ఆ రకం కంప్యూటర్లన్నిటికీ అదే రోగమట. అవునండీ, మా కూమ్ వేశాడు, పదకొండో పేజీ చూసుకోండి అంటే సరిపోయేది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నాను.

నవ్వావా? లేదా? నవ్వినట్టనిపించింది. పోనీలే.

ఇదిగో ఆ కాగితం. వాళ్ళ రిపోర్టు. నువ్వు చూడలేదు కదూ, ఊళ్ళో విన్నదే తప్ప? చూడు. "పరికరాన్ని నైపుణ్యం లేని బయటి వ్యక్తి తెరిచాడు. ర్యామ్ పట్టుకునే కొక్కెం విరిగింది. బోర్డు మీద జిగురు. వారంటీ వర్తించదు." చూడు ఎంత పొగరో! నైపుణ్యం లేని!

రెండో కాగితంలో ఫోటోలున్నాయి. అవి చూడక్కర్లేదులే. ఊరికే నలుపూ తెలుపూ, ఏం కనిపించదు.

చెయ్యి చాపుతున్నావా. సరే చూడు.

ఆ భూతద్దం ఎందుకిప్పుడు?

కూమా... ఆ భూతద్దం పక్కన పెట్టు. నాతో మాట్లాడు.

తెలిసిపోయిందా? అంత చిన్న ఫోటోలో ఎలా తెలిసిపోయింది? జిగురు చూసి? అవును. నువ్వు ఇరవై రెండేళ్ళలో ఎప్పుడూ జిగురు వాడలేదు. నా జిగురే అది. నమూనాలు అట్టకి అంటించే జిగురు. తెల్లగా పోస్తే పచ్చగా ఎండుతుంది.

చెప్తున్నా, చెప్తున్నా. ఆగు. నువ్వు లేచి నిలబడకు, నాకు భయమేస్తుంది.

ఫోన్లో లేదన్నానా, ఆ తర్వాత నిద్ర పట్టలేదు. నిష్‌లో మూత తీస్తారు, ర్యామ్ చూస్తారు, అబద్ధం అని తేలుతుంది, ఫైన్ వేస్తారో ఏమో! అప్పుడు గుర్తొచ్చింది బొత్తాల డబ్బా. నీ ర్యామ్ తీసేసి పాతది పెట్టేస్తే? ఎలా కొన్నామో అలాగే ఉంటుంది, ఎవరికీ తెలీదు. నువ్వు అంత తేలిగ్గా తీశావుగా! చూశానుగా!

వంటింటి బల్ల మీద పెట్టి వెన్న రాసే కత్తితో స్క్రూ తిప్పాను. అదైతే వచ్చింది. నీ ర్యామ్ కూడా వచ్చింది, కాస్త గట్టిగా లాగితే. పాతది మాత్రం లోపలికి పోదే! అటు తిప్పాను, ఇటు తిప్పాను. బొటనవేలితో నొక్కాను. టిక్ అంది. సరిగ్గా కూర్చుంది కాబోలు అనుకున్నాను. చూస్తే కొక్కెం విరిగి నా ఒళ్ళో పడింది, బియ్యపుగింజంత.

జిగురు పెట్టాను. ఏం చెయ్యను? తివాచీలో పోగు తెగితే ముడి వేస్తాం. అట్ట చిరిగితే అంటిస్తాం. నా చేతికి తెలిసింది అదే.

నీకు ఫోన్ చేసి ఉండొచ్చు. అప్పుడైనా. "కూమా, వెధవపని చేశాను, రా" అంటే అన్నం ముందునుంచి లేచి వచ్చేవాడివి. అక్కడే సిగ్గు అడ్డొచ్చింది. నువ్వు వేసినదాన్ని దొంగలా పీకేశానని నీతో ఎలా చెప్పను? అందుకే అతికించి, మూత బిగించి, పొద్దున్నే నిష్ బస్సెక్కాను.

ఆ కళ్ళజోడు ఆవిడ మూత తియ్యకముందే పట్టేసింది, తెలుసా! కంప్యూటర్లు డైరీ రాసుకుంటాయట కూమా! నిన్నటిదాకా పదహారు ర్యామ్, ఇవ్వాళ ఎనిమిది అని దాని కడుపులోనే రాసి ఉంది. తెర ఇటు తిప్పి చూపించింది. "ఎవరూ తెరవలేదన్నారు ఫోన్లో. మరి ఇదేమిటి?" అంది. తర్వాత మూత తీసింది. జిగురు చూసింది. వెనకాల ఇంకో ఇద్దర్ని పిలిచి చూపించింది. ముగ్గురూ తల వంచి చూశారు.

"ఎవరి చెయ్యి పడింది దీని మీద?" అంది. గట్టిగా. నా వెనకాల ఎనిమిది మంది వరసలో ఉన్నారు.

నేను తల తిప్పి చూస్తే, మూడో మనిషి మన బడి గుమాస్తా. ప్రింటరు చంకలో పెట్టుకుని. నన్ను చూసి పలకరింపుగా నవ్వింది కూడా.

అప్పుడు చెప్పాను. మా కూమ్ చేశాడు అన్నాను. పేరు అడిగింది రాసుకోడానికి. స్తామెంకో అన్నాను. ఇంటిపేరు కూడా చెప్పాను.

అరవకు. నువ్వు అరవడం లేదు, నాకు తెలుసు. నా చెవుల్లోనే మోగుతోంది.

మూడు వారాలుగా నువ్వేమనుకుంటున్నావో నాకు తెలుసు. నేను ఒట్టి అమాయకురాలినని, కంపెనీవాళ్ళు నీమీద నెట్టేస్తే నమ్మేశానని, "కూమ్ పాడుచేశాడు" అని నిజంగానే అనుకున్నానని. ఆ ర్యామ్ సరిగ్గా పెట్టానా లేదా అని నువ్వు నిన్ను నువ్వే అనుమానించుకున్నావట. యాగోదా చెప్పింది నాకు బజార్లో. "అన్నం తినడం లేదు, పాత డబ్బాలన్నీ తీసి తను చేసిన పనులన్నీ మళ్ళీ చూసుకుంటున్నాడు" అంది. ఆ మాట విన్నాక ఇంటికెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. ఏడ్చి ఏం చేశాను? మళ్ళీ నోరు మూసుకున్నాను. ఇంకో వారం!

నీ చెయ్యి మంచిదే కూమా. నీ చెయ్యి పడినన్నాళ్ళూ అది బాగానే ఉంది. నా చెయ్యే పాపిష్టిది.

ఇదిగో నీ ర్యామ్. పంచదార డబ్బాలో దాచాను, మీలున్ కంటపడకుండా. మీలున్‌కి ఇంకా తెలీదు. అతను ఊళ్ళో అందరితోనూ నీ తరఫున పోట్లాడుతున్నాడు పిచ్చిమహారాజు, "మా కూమ్ అలాంటివాడు కాదు, కంపెనీవాళ్ళే దొంగలు" అని. నేను పక్కన నిలబడి తల ఊపుతున్నాను.

టైమెంతైంది? నీ గడియారంలో పన్నెండున్నరా?

నేనే వెళ్తాను మీటింగుకి. అవును, నేనే. రాత్కా ముందూ, గుమాస్తా ముందూ, కమిటీలో ఉన్న ఆ ఐదుగురి ముందూ నిలబడి చెప్తాను. స్తామెంకో వేసింది వేసినట్టు పుస్తకంలో రాసిన ప్రకారమే వేశాడు, ఎనిమిది నెలలు నిక్షేపంగా నడిచింది, వెన్నకత్తితో విరగ్గొట్టింది నేను, జిగురు పెట్టింది నేను, అబద్ధం చెప్పింది నేను. పదకొండో పేజీ కూడా చదివి వినిపిస్తాను. ఈసారి ఆవులించకుండా.

చెప్పాక ఏమవుతుందో తెలుసు. కంపెనీవాళ్ళ మీద వినియోగదారుల ఆఫీసులో నేను పెట్టిన ఫిర్యాదు చెత్తబుట్టలోకి పోతుంది. తెర మారదు. ఆ గీతల మధ్య నలభై నమూనాలు కళ్ళు మూసుకుని గియ్యలేను కదా, మళ్ళీ చేత్తో అట్టల మీద గీసుకుంటాను. ఊళ్ళో నన్ను "జిగురు పెర్సిదా" అని పిలుస్తారు, చచ్చేదాకా. పిలవనీ. పిరోత్‌లో ఒకసారి పేరు పెడితే మనవలకి కూడా వస్తుంది.

నువ్వు రానక్కర్లేదు. నా పక్కన నిలబడితే వాళ్ళు అనుకుంటారు, పాపం కూమ్‌ని కాపాడ్డానికి చెప్తోంది అని. మనవాళ్ళు అలాగే అనుకుంటారు, నీకు తెలీదూ? అందుకే ఒక్కదాన్నే వెళ్తాను. ఆ ఫోటోలు ఇలా ఇచ్చెయ్యి.

ఏంటి? ఏమన్నావు?

అదేగా నీ ప్రశ్న. మూడు వారాలకి నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. "వరసలో నిలబడి గాభరాపడ్డావు సరే, నా పేరే ఎందుకు వచ్చింది నీ నోట్లో" అని.

భయమేసింది, నోరు జారింది అని చెప్పుకుంటున్నాను ఇన్నాళ్ళూ, నాకు నేనే. నీకు కూడా అలాగే చెబుదామని వచ్చాను.

కాదు కూమా. ఆవిడ అడిగాక నేను కాసేపు ఆగాను. ఆ కాసేపట్లో అందర్నీ వరసగా తలుచుకున్నాను. బస్టాండు దగ్గర రిపేరు షాపువాడి పేరు చెబుదామనుకున్నాను. మర్నాడే మా గుమ్మం ముందుకొచ్చి బూతులు తిడతాడు. మీలున్ అని చెబుదామనుకున్నాను. ఏడాదిపాటు దెప్పుతాడు. మా అన్న కొడుకు పేరు చెప్తే వదిన ఊరుకోదు. నేనే అని చెబితే వెనక ఎనిమిది మంది నవ్వుతారు.

నువ్వైతే ఏమీ అనవు. ఎవరితోనూ చెప్పవు. కూమ్‌వి కదా, నన్ను వదిలి ఎక్కడికి పోతావులే అనుకున్నాను. అనుకునే, తెలిసే నీ పేరు చెప్పాను.

ఇది మాత్రం మీటింగులో చెప్పను. నీకొక్కడికే చెప్పాను. వస్తాను, టైమైపోతోంది.